ఊరి నుంచి సంచి వచ్చింది, బాలింతను చూసుకునేదెవరు?

మన చాళీల్లో ఎవరింట్లోనన్నా కోడలికి నెలలు నిండినయంటే ఊరి నుంచి ఒక సంచి బయల్దేరుతుంది. దేవగిరి బండిలో వచ్చేవాళ్ల చేతికో, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చే బస్సులో తెలిసినోళ్లకో ఇచ్చి పంపుతారు. విప్పితే శొంఠి కొమ్ములు, పిప్పళ్లు, మిరియాలు, వాము, పాత బెల్లం, ఎల్లిపాయ కారం, డబ్బాలో నెయ్యి, ఆముదం సీసా, సాంబ్రాణి, నీడన ఎండబెట్టిన వాయిలాకు. అడుగున ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరలు రెండు మూడు.

ఆ సంచిలో ఏది ఎందుకో అవ్వలకు తెలుసు. శొంఠి, మిరియం అరుగుదలకు. వాము గ్యాసుకు. వాయిలాకు మరిగించిన నీళ్లు ఒళ్లు నొప్పులకు. పాత చీర ఒకటి నడుముకు కట్టుకోను, ఒకటి బిడ్డకు గుడ్డలు చింపుకోను. ఇదంతా ఒకటే మాట చెప్తుంది: కాన్పు అంటే ఆడదానికి పునర్జన్మ, మళ్లీ మనిషి కావాలంటే నలభై రోజులు పడుతుంది.

సంచి ఇప్పటికీ వస్తోంది. అయితే ఆ సంచితో పాటు ఒకప్పుడు ఒక మనిషి కూడా ఉండేది. నీళ్లు కాచేందుకు, ఒళ్లు రుద్దేందుకు, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునేందుకు. ఆ మనిషి ఇప్పుడు వస్తలేదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆమె గురించి.

ఊర్ల ఎట్లుండేది

తొలి కాన్పు పుట్టింట్లనే. ఏడో నెలల తీసుకపోతే బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చినంకనే అత్తగారింటికి పంపేది. నొప్పులు మొదలైతే మంత్రసానికి కబురు. ఆమె ఎక్కువగా మంగలి, చాకలి, మాదిగ ఇండ్ల పెద్ద మనిషే. బొడ్డు కోసుడు కాడ ఆమె పని అయిపోయేది కాదు. పురుడు తీరేదాకా రోజూ పొద్దున వచ్చి తల్లికి, బిడ్డకు నూనె రాసి నీళ్లు పోసేది. ఒక పాత చీర, బియ్యమో జొన్నలో, కొంత పైకం, అదీ ఆమెకు ఇచ్చేది. పురిటింట్ల ఆమె చెప్పిందే వేదం. పదకొండో దినం దాటితే అదే మనిషిని గడప బయట నిలబెట్టిన ఇండ్లు కూడా ఉన్నయి. మంత్రసాని రోజులను తలుచుకునేటప్పుడు ఇది మర్చిపోతే తప్పు.

నీళ్లు పోసుడు ఒక పెద్ద పని. గంటసేపు పట్టేది. ముందు ఆముదమో నువ్వుల నూనో గోరువెచ్చగా చేసి నడుము, తొడలు, పిక్కలు, భుజాలు రుద్దాలి. తర్వాత వాయిలాకు వేసి కాచిన నీళ్లు నడుము మీద ధారగా పోయాలి. తల తుడిచి, సాంబ్రాణి పొగ చూపించి, తలకు గుడ్డ కట్టి, చెవుల్ల దూది పెట్టి, పొట్టకు చీర చుట్టి పడుకోబెట్టాలి. ఆ తర్వాత ఎల్లిపాయ కారం, నెయ్యి, మెత్తటి వేడి బువ్వ. కోస్తా వైపు వాళ్లయితే శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి కలిపి ‘కాయం’ అని ఉండలు చేసి పెడతారు. మన దిక్కు మాంసం తినే ఇండ్లల్లో బొక్కల చారు కూడా ఉండేది.

ఇంకో సంగతి. పురుడు అంటే మైల కదా, ఆ దినాలు బాలింత పొయ్యి దగ్గరికి రావొద్దు, బావి తాడు పట్టొద్దు. దాన్ని అంటు అని పెట్టిన్రు. నా మటుకు నాకు ఆ అంటులో నమ్మకం లేదు. కానీ దాని వల్ల ఒక మేలు జరిగింది, ఒప్పుకోవాలె. వంట చేయొద్దు అంటే ఆమెకు వంట తప్పింది. నీళ్లు తోడొద్దు అంటే కడవ ఎత్తుడు తప్పింది. ఇరవై ఒకటో దినం బావి దగ్గరికి తీసుకపోయి, పసుపు కుంకుమ పెట్టి, చేద వేయించిన తర్వాతనే మళ్లీ పనిలోకి. అంటే ఆ పండుగ అసలు అర్థం: ఈ పిల్ల సెలవు అయిపోయింది.

ఇంతకూ ఈ నలభై రోజుల లెక్క మనదొక్కటే కాదు. పక్క ఖోలీ మరాఠీ బాయిని అడగండి, ‘సవ్వా మహినా’ అంటుంది. చైనాలో నెల రోజులు తల్లిని ఇల్లు కదలనివ్వరు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఆ దినాలకు పేరే ‘నలభై’ అనే మాట మీద పుట్టింది. డాక్టర్లు చెప్పేది కూడా దగ్గర దగ్గర అంతే: గర్భసంచి మళ్లీ మామూలు సైజుకు రావడానికి ఆరు వారాలు, అంటే 42 రోజులు.

బొంబాయికి వచ్చినంక

మన కామాఠీలు 18వ శతాబ్దం చివర ఈ నగరం కట్టే పనికి వచ్చినోళ్లు. గల్లీలకు ఆ పేరే నిలిచింది. ఆ తర్వాత మిల్లుల కాలంలో పద్మశాలీలు, ఇంకా ఎన్నో కులాలవాళ్లు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్, నయగావ్‌ దాకా నిండిన్రు. 1920ల్లో కట్టిన బీడీడీ చాళీల్లో ఒక ఖోలీ 160 చదరపు అడుగులు. అందులో ఎనిమిది మంది, పది మంది. పురిటి గది ఎక్కడ?

అందుకే మనోళ్లు కాన్పుకు ఊరికే పంపేవాళ్లు. మన్మాడ్‌లో బండి మారి, చిన్న లైను బండి ఎక్కి, నిండు చూలాలు ఒక రాత్రి ఒక పగలు ప్రయాణం చేసేది. మగమనిషి ఇక్కడ ఖానావళిలో తిని పాళీకి పోయేవాడు. పోలేనివాళ్ల గతి వేరే. 1921లో బొంబాయిలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 600 మందికి పైగా ఏడాది నిండకుండానే పోయారని అప్పటి మున్సిపాలిటీ లెక్క. ఒకే ఖోలీలో ఉండేవాళ్లలో ఆ లెక్క 828. చదివితే గుండె ఆగుతుంది. ఈ లెక్కలో ఒక చిక్కుంది: తల్లులు ఊరికి పోయి కంటే పుట్టుక అక్కడ రాసుకునేది, తిరిగి వచ్చినంక బిడ్డ పోతే చావు ఇక్కడ రాసేది. అందుకని అంకె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఎంత తగ్గించుకున్నా భయంకరమే.

ఆ రోజుల్లో మిల్లు కార్మికుల్లో ఐదుగురికి ఒకరు ఆడవాళ్లు. వైండింగ్, రీలింగ్ ఖాతాల్లో ఎక్కువ. వాళ్ల పరిస్థితి చూడమని ప్రభుత్వం డాక్టర్ బార్న్స్ అనే లేడీ డాక్టరును పెట్టింది. పనికి పోయే తల్లుల పిల్లల్లో నూటికి 98 మందికి నల్లమందు తినిపిస్తున్నారని 1922లో ఆమె రాసింది. ‘బాలాగోలీ’ అని బజార్లో దొరికేది. తల్లి సాంచా దగ్గర నిలబడ్డంతసేపు బిడ్డ లేవకుండా పడుకోవాలె కదా. ఆ తల్లులను తిట్టుకోవద్దు. బిడ్డను పట్టుకునే మనిషి లేకపోతే ఆ జాగాలోకి ఏదో ఒకటి వస్తుంది. అప్పుడు వచ్చింది నల్లమందు.

ఆ రోజుల నుంచే రెండు మంచి పనులు జరిగినయి. 1926లో నెస్ వాడియా తన తండ్రి నౌరోస్‌జీ వాడియా పేరు మీద పరేల్‌లో కాన్పుల ఆస్పత్రి కట్టించిండు, మిల్లు కార్మికుల ఆడవాళ్ల కోసమని. మన ఇండ్లల్లో ‘వాడియాల పుట్టిండు’ అని చెప్పుకునేవాళ్లు ఎందరో. రెండోది చట్టం. 1928 జులైలో బొంబాయి కౌన్సిల్లో బాలింత భత్యం బిల్లు మీద డాక్టర్ అంబేడ్కర్ మాట్లాడుతూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని వాదించిండు. మరుసటేడు, 1929లో చట్టమైంది. రోజుకు 8 అణాలు, కొన్ని వారాలు. మన దేశంలో ఇట్లాంటి చట్టం అదే మొదలు. అయితే పైసలు పూర్తిగా యజమానే కట్టాలె. దాంతో సేఠ్‌లు మెల్లగా ఆడవాళ్లను పెట్టుకోవడమే తగ్గించిన్రు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకున్నట్టు.

ఖోలీలో పురుడు

కాన్పు దవాఖానలో అవుతుండేసరికి ఊరికి పోవుడు తగ్గింది. ఊరే ఖోలీలోకి వచ్చింది. మూలకు ఒక చీర అడ్డం కడితే అదే పురిటి గది. మగవాళ్లు గ్యాలరీలోనో ఫుట్‌పాత్ మీదనో పడుకునేది. మోరీ దగ్గర పీట వేసి నీళ్లు పోసుడు. బావి లేదు కాబట్టి ఇరవై ఒకటో దినం నల్లాకే పసుపు రాసి బొట్టు పెట్టి బిందె పట్టించుడు. అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి రెండు నెలలు ఉండేది. ఆమె రాకపోతే అత్త, యారాలు, ఆడిబిడ్డ, గ్యాలరీలో ఎదురు ఖోలీ వదినె. పక్కింటి కొంకణీ బాయి డింకా లడ్డూలు, ఆళీవ్ ఖీర్ తెచ్చిపెడితే మన అవ్వలు ముందు అనుమానంగా చూసి, తర్వాత తామే నేర్చుకున్నరు. సోయకూర వాళ్లు ‘శేపూ’ అంటే మనం సోయ అంటిమి, కూర ఒకటే.

ఈ ఏర్పాటు 1982 సమ్మె తర్వాత దెబ్బతిన్నది. మిల్లులు మూతపడ్డయి. సగం చుట్టాలు ఊరికి, భివండికి, సూరత్‌కు చెదిరిపోయిన్రు. ఇంట్ల ఉండే ఆడవాళ్లు పనికి ఎక్కిన్రు. ఇయ్యాల చూస్తే అత్త నాలుగు ఇండ్లల్ల పని చేస్తది, ఆడిబిడ్డ మిల్లు జాగాలో లేచిన మాల్‌లో నిలబడే డ్యూటీ. ఊర్ల అమ్మమ్మ బీడీలు చుడుతది. రెండు నెలలు ఇక్కడికి వచ్చి కూసుంటే ఆ రెండు నెలల కూలి పోతది. పాపం ఆమె రాలేక సంచి పంపుతది.

ఇటు దవాఖానలో మామూలు కాన్పయితే రెండు మూడు రోజులకు, ఆపరేషన్ అయితే ఇంకో మూడు నాలుగు రోజులకు ఇంటికి పంపిస్తున్నరు. ఇంటికి వచ్చిన మూడో నాడు ఆ పిల్ల స్టవ్ ముందు నిలబడి చపాతీలు చేస్తది. తలకు గుడ్డ ఉంటది. చెవుల్ల దూది ఉంటది. పెరుగు తినదు, చల్లనీళ్లు ముట్టదు. పథ్యం అంతా నడుస్తనే ఉంటది. విశ్రాంతి ఒక్కటే లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడనే. మన పెద్దల పద్ధతిలో పైసలు ఖర్చు కానిది, ఆమె నోరు కట్టేది మాత్రం మిగుల్చుకున్నం. ఇంకొకరు చేయాల్సిన పని మాత్రం వదిలిపెట్టినం.

నీళ్ల సంగతి

అన్నిటికంటే ముందు దీని గురించి చెప్పాలె. ‘నీళ్లు తాగకు, పొట్ట పెరుగుతది, పచ్చి ఒంటికి నీరు పడుతది’ అని మన ఇండ్లల్లో అనని పెద్దమనిషి లేదు. పాలిచ్చే తల్లి పాలల్లో ఎక్కువ భాగం నీళ్లే. ఆమె తాగకపోతే నోరు ఎండుతది, తల తిరుగుతది, మూత్రంల మంట లేస్తది, మలబద్ధకం అయితది. కుట్లు ఉన్న పిల్లకు మలబద్ధకం అంటే నరకం. పొట్ట నీళ్ల వల్ల పెరగదు. దాహం అయినప్పుడల్లా తాగాలె. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు అని పెట్టుకుంటే సులువు. గోరువెచ్చగా తాగుతా అంటే తాగనీయండి, వాము నీళ్లయితే ఇంకా మంచిది. చల్లదా వేడిదా అన్నది కాదు, సరిపడా తాగుతుందా అన్నదే చూడాలె.

అయితే మన చాళీల్లో నీళ్లు తాగకపోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు. సండాసు గ్యాలరీ చివర ఉంటది. ఒక అంతస్తుకు నాలుగో ఆరో. పొద్దున లైను. రాత్రి రెండు గంటలకు కుట్ల మీద నడుచుకుంటా, బిడ్డను ఎవరికి అప్పజెప్పాలో తెల్వక, పోవాలంటే భయం. అందుకే ఆ పిల్ల సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తది. పథ్యం అని మనం అనుకుంటం. దీనికి మందు సలహా కాదు. ఒక ప్లాస్టిక్ పాన్, లేకుంటే బేసిన్ పెట్టిన కుర్చీ ఖోలీలోనే మోరీ దగ్గర ఉంచండి. రాత్రి లేచినప్పుడు ఒకరు వెంట లేవండి. పొద్దున లైనులో బాలింత వస్తే ముందుకు పంపడం ఏ చాళీకీ కష్టం కాదు.

కుంపటి, పొగ

ఊర్ల నులక మంచం కింద నిప్పుల కుంపటి పెట్టేది. ఆ ఇంటికి పెంకుల మధ్యన సందులుండేవి, వాకిలి తెరిచి ఉండేది. ఖోలీకి ఒకటే తలుపు, ఒకటే కిటికీ. బాలింతకు గాలి తగులుతదని ఆ రెండూ మూస్తం. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల్లీ బిడ్డా నిద్రలోనే పోతారు. కాబట్టి బొగ్గుల కుంపటి ఖోలీలో వద్దే వద్దు. నడుముకు కాపడం కావాలంటే వేడినీళ్ల రబ్బరు సంచి పెట్టుకోవచ్చు. ఆపరేషన్ అయిన పిల్లకు కుట్ల మీద కాపడం పెట్టొద్దు. సాంబ్రాణి వాసన లేకపోతే పురిటిల్లు అనిపించదు, నిజమే. బిడ్డను బయట ఎవరి చేతుల్లోనో ఉంచి, తలుపు తెరిచి, తల్లి తల ఆరేటంత సేపు చూపించి తీసేయండి. నెల తక్కువ బిడ్డ అయితే అదీ వద్దు.

ఉంచుకోవలసినవి

నూనె రుద్దుడు మానొద్దు. తల్లికి నొప్పులు తగ్గుతయి, నిద్ర పడుతది. అంతకంటే ముఖ్యంగా రోజుకు అరగంట ఎవరో ఒకరు ఆమె ఒళ్లు చూస్తరు, ‘ఎట్లుంది బిడ్డా’ అని అడుగుతరు. కాళ్లు ఉబ్బినయా, కుట్లు ఎర్రబడ్డయా, రొమ్ము గడ్డకట్టిందా అనేది మంత్రసాని చేతికి తెలిసేది. ఇయ్యాల ఆ చూపు లేదు. ఆపరేషన్ అయితే పొట్ట వదిలి కాళ్లు, భుజాలు, వీపు రుద్దండి. పిక్క ఒకవైపే వాచి నొప్పి ఉంటే మాత్రం రుద్దొద్దు, దవాఖానకు తీసుకపోవాలె; లోపల నెత్తురు గడ్డ కట్టి ఉండొచ్చు. విశ్రాంతి అంటే మంచం దిగకుండా పడి ఉండుడు కూడా కాదు. గ్యాలరీలో నాలుగడుగులు వేస్తేనే నెత్తురు గడ్డకట్టదు.

వాయిలాకు నీళ్లు బేషుగ్గా పోయండి. మరాఠీలో దీన్నే నిర్గుడి అంటరు. నీళ్లు మోచేతికి ఓర్చుకునేంత వేడే ఉండాలె. పొట్టకు చీర కట్టు నడుముకు ఆసరాగా ఉంటది. ఊపిరి ఆడనంత బిగిస్తే కిందికి బరువు పడి గర్భసంచి జారే వాళ్లకు ఇంకా జారుతది.

తిండి సంగతికి వస్తే, శొంఠి, ఎల్లిపాయ, మిరియం, నెయ్యి అన్నీ మంచివే. తప్పు పెట్టేదాంట్లో లేదు, పెట్టనిదాంట్లో ఉంది. పప్పు వద్దు, ఆనపకాయ వద్దు, పండు వద్దు, పెరుగు వద్దు అంటా పోతే చివరికి బువ్వ, కారం మిగులుతయి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 600 కాలరీల దాకా ఎక్కువ కావాలె, అంటే ఇంకో పూట తిండి. గుడ్డు, చేప, పెసరపప్పు, ఆకుకూర, జొన్నరొట్టె, బెల్లం పల్లి పట్టి, అరటిపండు, అన్నీ తినొచ్చు. దవాఖానలో ఇచ్చిన ఐరన్, కాల్షియం గోళీలు కాన్పు తర్వాత ఆరు నెలలు మింగాలె. రెండూ ఒకే పూట వద్దు. ఐరన్ గోళీ చాయ్‌తో మింగితే ఒంటికి పట్టదు.

పాలు పడాలంటే బిడ్డ గుంజాలె. ఎంత తరచుగా తాగితే అంత పడతయి. మొదటి గంటలోనే రొమ్ము పట్టించాలె. మొదట వచ్చే పసుప్పచ్చటి ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు కొన్ని ఇండ్లల్ల ఇంకా ఉంది. ఆ నాలుగు చెంచాలే బిడ్డకు మొదటి టీకా అనుకోండి. ఆ పాల విలువ తెలిసే మన సైన్ ఆస్పత్రిలో 1989లో తల్లిపాల బ్యాంకు పెట్టిన్రు, ఆసియాలోనే మొదటిది. తేనె నాకించుడు, వస అరగదీసి పోసుడు, ముక్కుల చెవుల నూనె చుక్కలు, బొడ్డు మీద పసుపు, బూడిద, ఏడిస్తే పొట్ట మీద చురకలు ఇవేవీ వద్దు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు.

ఏది గాలి, ఏది జ్వరం

పాతకాలంలో బాలింతకు జ్వరం వచ్చి మాట తడబడితే ‘సన్నిపాతం’ అనేది, ఏడ్చి ఏడ్చి బిడ్డను ముట్టకపోతే ‘గాలి సోకింది’ అనేది. తాయెత్తు కట్టి రెండు దినాలు చూసేసరికి పుణ్యకాలం గడిచిపోయేది. కాన్పు తర్వాత మన దేశంలో తల్లులను ఎక్కువగా పొట్టనబెట్టుకునేది నెత్తురు పోవడమే. గంటలోపల ఒక ప్యాడ్ నిండిపోతున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా ఆగొద్దు. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వాసన కొట్టే మైల, తలపోటుతో కండ్లు మసకబారుడు, ఫిట్స్, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా 108కు ఫోన్ చేసి దవాఖానకు పోవాలె. రాత్రి అయినా సరే, పురుడు తీరకపోయినా సరే.

మనసు సంగతి వేరేగా చెప్పాలె. మొదటి వారం పది దినాలు ఊరికే కండ్లనీళ్లు రావడం మామూలు. రెండు వారాలు దాటినా అట్లనే ఉంటే, నిద్ర లేకుండా ఉంటే, బిడ్డ మీద మనసు పోకుంటే అది జబ్బు, దానికి మందుంది. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తున్నదన్నా, చచ్చిపోతనన్నా ఒక్కదాన్ని వదలొద్దు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి. 14416కు ఫోన్ చేస్తే, అది సర్కారు టెలీ మానస్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఆడపిల్ల పుట్టిన ఇంట్ల ఈ దుఃఖం ఎక్కువ కనిపిస్తది. కారణం వెతకనక్కర లేదు. కొడుకు పుడితే నలభై దినాల నెయ్యి, బిడ్డ పుడితే పదకొండు దినాలకే చీపురు చేతికిచ్చే ఇండ్లు మనకు తెలుసు. కోసుకున్న పొట్ట రెండు కాన్పులకూ ఒకటే.

సెలవు, పైసలు

కొలువు చేసే పిల్లలకు 2017 నుంచి జీతంతో 26 వారాల సెలవు హక్కు, మొదటి ఇద్దరు పిల్లల దాకా. ఈఎస్ఐ కార్డు ఉంటే, అంతకుముందు రెండు చందా కాలాల్లో కలిపి 70 దినాల చందా కట్టి ఉంటే, ఆ పైసలు ఈఎస్ఐ నుంచే వస్తయి. మాల్‌లో, హౌస్‌కీపింగ్‌లో కాంట్రాక్టర్ కింద పనిచేసే ఆడపిల్లలు తమ జీతం చిట్టీలో ఈఎస్ఐ కోత ఉందో లేదో కడుపుతో ఉన్నప్పుడు కాదు, ఇప్పుడే చూసుకోవాలె. ఇండ్ల పని చేసేవాళ్లకు ఆ సెలవు లేదు. వాళ్లకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5000 రూపాయలు, రెండోది ఆడపిల్ల అయితే 6000. అంగన్‌వాడీలోనో మున్సిపాలిటీ హెల్త్ పోస్టులోనో కాగితం పెట్టాలె. ఆ పైసలతో నలభై దినాలు గడవవు, అది వేరే మాట. హెల్త్ పోస్టు నుంచి ఆరోగ్య సేవిక ఇంటికి వస్తే గడపల నిలబెట్టి పంపకండి. బిడ్డను తూకం వేయించుకోండి, తల్లి బీపీ చూడమని అడగండి. ఆరో వారంలో తల్లిని కూడా దవాఖానలో చూపించుకోవాలె. బిడ్డ టీకాకు పోతం, తల్లిని మర్చిపోతం.

ఇక చేతుల సంగతి. అమ్మమ్మను రమ్మంటే ఆమె కూలి ఎవరన్నా లెక్కగట్టి ఇస్తున్నరా? చీర పెడతం, కూలి ఇయ్యం. ఇయ్యగలిగిన ఇల్లు ఇయ్యాలె, ఇందుల సిగ్గు లేదు. రాలేకపోతే ఉన్నవాళ్లమే పంచుకోవాలె. పొద్దున నల్లా వచ్చేటప్పటికి లేచి నీళ్లు నింపుడు, బిడ్డ గుడ్డలు పిండుడు, రాత్రి ఒక జాము బిడ్డను భుజాన వేసుకుని తిరుగుడు, వీటికి మగవాడు పనికిరాడని ఏ పథ్యంలో లేదు. బరువు బిందె మెట్లెక్కించుడు ఆరు వారాలు ఆ పిల్ల చేయొద్దు, అంతే. గ్యాలరీలో పది ఖోలీలుంటే పూటకొక ఖోలీ నుంచి ఒక డబ్బా ఇచ్చినా ఐదు దినాలకు ఒకసారి వంతు వస్తది. పెండ్లికి, చావుకు మనం చేసుకునేదే ఇది.

కామాఠిపుర గల్లీల్లో, వర్లీలో బాలింతలకు నీళ్లు పోసే అవ్వలు ఇంకా ఉన్నరు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా పిలిస్తే వస్తరు. వాళ్ల దగ్గర కూర్చుని ఆ పని నేర్చుకునే వయసు పిల్లలు కనిపిస్తలేరు. మీ చాళీలో అట్లాంటి అవ్వ ఉంటే, ఆమె ఏ నూనె వాడుతది, ఎన్ని దినాలు పోస్తది, ఏం తీసుకుంటది, ఆమె చేతి కింద పెరిగినోళ్లు ఎందరు, రాసి పంపండి. రాయరాకపోతే సంఘం ఆఫీసుకు వచ్చి చెప్పినా చాలు, మేము రాసుకుంటం.